ఆమోసు మాటలు మోసిన ఇల్లు

గోధుమ కోతలు అయిపోయాక ప్రతి ఏడూ మేం లోయలోని మేడితోపుకు దిగేవాళ్ళం. మా ఊరు తెకోవ కొండ మీద ఉంటుంది. పొద్దున్నే బయలుదేరి ఉప్పు సముద్రం వైపు దిగితే మధ్యాహ్నానికి తోపులో ఉంటాం. ఆ ఏడు కూడా అలాగే దిగాం, నేనూ, నా భర్త ఎత్నానూ, మా పిల్ల హొగ్లా. మా అత్త అతారా నాలుగు మేకల్ని చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయింది. మోకాళ్ళు నొప్పులని ఆవిడ లోయలోకి దిగడం మానేసి చాలా ఏళ్ళయింది.

మేడికాయ తనంతట తాను పండదు. ఒక్కో కాయకూ కత్తిమొనతో గాటు పెట్టాలి. పెట్టిన నాలుగో రోజుకు మెత్తబడి తీపెక్కుతుంది. పెట్టకపోతే చేదూ పురుగులూ తప్ప ఏమీ ఉండదు. ఎత్నాను కొమ్మలెక్కి గాట్లు పెట్టేవాడు. పండినవి నేను కోసి బుట్టల్లో సర్దేదాన్ని. హొగ్లా కింద రాలినవి ఏరేది. దానికి ఏడేళ్ళు. కౌజుపిట్ట పేరు పెట్టుకున్నాం కదా, అందుకేనేమో నడవడం తక్కువ, గెంతడం ఎక్కువ.

చెట్టు మీద ఉన్నంతసేపూ ఎత్నాను నోరు ఊరుకునేది కాదు. ఆమోసు మాటలు చెప్పుకుంటూ ఉండేవాడు.

ఆమోసు మా ఊరివాడే. గొర్రెలు కాసేవాడు, ఈ తోపులోనే మేడికాయలకు గాట్లు పెట్టేవాడు. ఎత్నానుకు మందలో తోడు. అంతకు రెండేళ్ళ క్రితం ఒకరోజు ఉన్నట్టుండి ఉత్తరాన బేతేలు గుడికి వెళ్తానన్నాడు. అక్కడ ఉన్ని అమ్ముకోవచ్చని ఎత్నాను గాడిదను తోలుకుని అతని వెంట వెళ్ళాడు. గుడి ముందు, పండగ జనం మధ్య నిలబడి ఆమోసు ఏవేవో చెప్పాడట. పేదవాళ్ళను నలిపేసి దంతపు మంచాల మీద పడుకునేవాళ్ళ గురించి, తూకంలో మోసాల గురించి, మీ బలులూ పాటలూ దేవుడికి కంపు కొడుతున్నాయని, కాళ్ళ కింద భూమి వణికే రోజు వస్తుందని. గుడి పూజారులు ఇద్దర్నీ ఊరి పొలిమేర దాకా తరిమారు. ఉన్ని మూటలు మూటల్లానే ఇంటికి వచ్చాయి.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఆమోసు జ్వరంతో పోయాడు. పోయేముందు తొమ్మిది రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. అతనికి రాత రాదు, నా భర్తకూ రాదు. ఆ తొమ్మిది రోజులూ అతను చెప్పడం, ఎత్నాను తిరిగి చెప్పడం. ఒక్క మాట అటూ ఇటూ అయినా మళ్ళీ మొదటికి వచ్చేవారు. అప్పటినుంచి ఎత్నాను వాటిని రోజూ ఒకసారి మొదటినుంచి చివరిదాకా చెప్పుకునేవాడు. ఎక్కడ మర్చిపోతానోనని అతని భయం. గొర్రెల దగ్గరా, బావి దగ్గరా, రొట్టె తింటూ మధ్యలో ఆగి కూడా.

నిజం చెప్పాలంటే నాకు ఆ మాటలంటే రోత. ఒక్కదాంట్లోనూ సంతోషం లేదు. అన్నీ కూలిపోవడాలూ కాలిపోవడాలూ. పెళ్ళయిన కొత్తలో ఎత్నాను చెట్టు మీదినుంచి నన్ను చూసి పాటలు పాడేవాడు. ఆ గొంతే ఇప్పుడు ఇలా అయిపోయింది. ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఊరిపెద్ద ఇక్కేషు ఊరి గుమ్మమైన గవిని దగ్గర కూర్చుని, మేం దాటుతుంటే అడిగేవాడు.

“ఏమయ్యా ఎత్నానూ, ఇవాళ ఎవర్ని చంపుతున్నాడు మీ ఆమోసు? మా వీధి వంతు ఎప్పుడో ముందే చెప్పు, గడ్డివాము పక్కకి లాక్కుంటాం.”

ఎత్నాను నవ్వేసి వెళ్ళిపోయేవాడు. తలవంపులు నాకే.

మేం తోపుకు దిగిన పదో రోజు అనుకుంటా. బుట్ట నిండితే కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి హొగ్లా చెట్టు నీడలో వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. చేతులు రెండూ పక్కలకు చాపింది. పాము కరిచిందేమోనని పరుగెత్తాను. దగ్గరికి వెళ్ళేసరికి పెదవులు కదులుతున్నాయి. ఆమోసు మాటల్లో ఒక ఏడుపు పాట ఉంది. దేశాన్ని పడిపోయిన ఆడపిల్ల అనుకుని, లేపే దిక్కు లేదని ఏడ్చే పాట. అది పాడుకుంటోంది.

“ఏంటే ఇది?” అన్నాను.

“ఆడుకుంటున్నానమ్మా. పడిపోయిన పిల్లని నేనే. నువ్వు వచ్చి ఏడవాలి.”

రెక్క పట్టుకుని లేపి వీపు మీద ఒకటి ఇచ్చాను. ఆటకు కొట్టడమేమిటో దానికి అర్థం కాలేదు. ఏడవలేదు కూడా, నన్నే చూస్తూ నిలబడింది. నేను చెట్టు మొదట్లోకి వెళ్ళి పైకి చూసి ఎత్నానును దిగమన్నాను. అతను దిగాడు. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాను. చచ్చినవాడి చావుమాటలు పిల్ల నోటికి ఎక్కించావని, దాన్ని రేపే ఊరికి పంపేస్తున్నానని, వాళ్ళ నానమ్మ దగ్గర నాలుగు మంచి మాటలు వింటుందని అన్నాను.

ఎత్నాను కత్తిని అంగీ అంచుకు తుడుస్తూ విన్నాడు. “సరే, నీ ఇష్టం,” అన్నాడు.

మర్నాడు, పళ్ళకోసం తోపుకు దిగిన ఇక్కేషు తన గాడిద మీద పళ్ళబుట్టలు వేసుకుని ఊరికి వెళ్తుంటే హొగ్లాను అతనితో పంపాను. రెండు బుట్టల మధ్య ఎక్కి కూర్చుంది. కొట్టిన సంగతి అప్పటికే మర్చిపోయింది. గాడిద మీద వెళ్ళడమంటే దానికి పండగ.

“ఎన్ని రోజులమ్మా?” అంది.

“ఈ వరుస చెట్లు అయ్యేదాకా. నానమ్మ మాట విను.”

“నాన్న కూడా రావచ్చుగా?”

“నాన్నకి పనుంది.”

వాళ్ళు మలుపు తిరిగేదాకా కూడా నేను చూడలేదు. పళ్ళు ఎండలో పడి ఉన్నాయని వెనక్కి వచ్చేశాను.

నాలుగో రోజు పొద్దున, ఎండ చురుక్కుమనే వేళ. ఎత్నాను చెట్టు మీద ఉన్నాడు, ఎప్పటిలాగే చెప్పుకుంటున్నాడు. నేను కింద ఉన్నాను. ముందు పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. తర్వాత లోయ అవతలి ఒడ్డున పెద్ద బండిచక్రం దొర్లుతున్నట్టు చప్పుడు. ఎవరి బండి ఇటు వస్తోందని అనుకున్నాను, అక్కడ బండిదారే లేదని తెలిసి కూడా. అంతలో నేల నా కాళ్ళ కింద నీటి మీద పలకలా ఊగింది. కూలబడ్డాను. మేడికాయలు వడగళ్ళలా మీద పడ్డాయి. గాటు పెట్టినవీ పెట్టనివీ అన్నీ. ఎదురుగా కొండ చరియ ఒకటి మెల్లగా, మజ్జిగ కుండ ఒంపినట్టుగా, కిందికి జారిపోయింది.

ఎంతసేపో చెప్పలేను. రొట్టె ముక్క నమిలి మింగేంత సేపే అయి ఉంటుంది. ఆగాక చూస్తే ఎత్నాను కొమ్మను కావలించుకుని ఉన్నాడు. దిగాడు. ఇద్దరికీ గీరుకున్న దెబ్బలు తప్ప ఏమీ కాలేదు. తోపులో ఎవ్వరికీ ఏమీ కాలేదు. మీద పడడానికి అక్కడ గోడలు లేవు, కప్పులు లేవు.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బుట్టలూ కత్తులూ అక్కడే వదిలేసి పైకి పరుగు పెట్టాం.

మామూలుగా ఎక్కితే రోజంతా పట్టే దారి సాయంత్రం కాకముందే ఎక్కేశాం. దారి చాలా చోట్ల లేదు. బండలు పడి మూసుకుపోయింది, ఎత్నాను నన్ను చేయి పట్టి దాటించాడు. కొండ మలుపు తిరిగితే మా ఊరు మొత్తం కనిపించే చోటు ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి ఊరి స్థానంలో దుమ్ము కనిపించింది. ఎండలో ఎర్రగా, కదలకుండా నిలబడిన దుమ్ము.

మా అత్త వీధిలో పొయ్యి పక్కన కూర్చుని ఉంది. ఆవిడకు ఏమీ కాలేదు. రొట్టెలు కాలుస్తూ బయట ఉందట. తల మీదా భుజాల మీదా సున్నం, మట్టి. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవలేదు.

“జల్లెడ తెమ్మని పంపానురా,” అంది కొడుకుతో. “పిండిలో రాయి తగిలిందని, జల్లెడ తెమ్మని నేనే పంపాను లోపలికి. అది గెంతుకుంటూ పోయింది. నేనే పంపాను.”

ఆ ముక్క ఆవిడ బతికున్నన్నాళ్ళూ చెప్పింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

కప్పు దూలాలూ, వాటి మీది మట్టీ, గోడరాళ్ళూ అన్నీ ఒకే కుప్పగా ఉన్నాయి. ఎత్నాను, ఇక్కేషు, ఇంకో నలుగురు రాళ్ళు తీశారు. పిల్ల దొరికేటప్పటికి పొద్దు వాలుతోంది. ఎత్నాను దాన్ని ఎత్తుకుని బయటికి తెచ్చాడు. మొహం మీద ఒక్క గీత లేదు. నేను నా పైగుడ్డతో మట్టి తుడిచాను. దాని చేతిలో జల్లెడ చట్రం విరిగిన ముక్క ఉంది. వేళ్ళు విప్పలేక దానితోనే కప్పాం. మర్నాడు ఊళ్ళో పందొమ్మిది మందిని సమాధి గుహల్లో పెట్టారు. శవాలకు గుడ్డ చుట్టేవాళ్ళూ ఏడ్చేవాళ్ళూ చాలక ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి సాయం వెళ్ళారు. ఇక్కేషు తమ్ముడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు, నలుగురూ పోయారు.

ఆ తర్వాత కళ్ళంలో గొర్రెబొచ్చు గుడారం వేసుకుని ఉన్నాం. గోడల మధ్య పడుకునే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. భూమి అప్పుడప్పుడూ ఇంకా కదిలేది, నిద్రలో మనిషి ఒళ్ళు విదిల్చినట్టు.

ఎత్నాను ఆమోసు మాటలు చెప్పుకోవడం మానేశాడు. వారం దాకా నేను గమనించనే లేదు. ఒకరోజు మేకల పాలు పిండుతుంటే ఏదో తక్కువైనట్టు అనిపించింది. చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. గొర్రెల దగ్గరా లేదు, బావి దగ్గరా లేదు. ఆ మాటలు ఎప్పుడు ఆగుతాయా అని రెండేళ్ళు ఎదురుచూశాను. ఆగినప్పుడు ఆ నిశ్శబ్దంలో కూర్చోలేకపోయాను.

ఇంకోపక్క ఊరు మారిపోయింది. నవ్విన వాళ్ళంతా మా గుడారానికి రావడం మొదలుపెట్టారు. ఒకామె నూనె కుండ తెచ్చింది, ఇంకొకరు మేకపిల్లను కట్టి వెళ్ళారు. కొందరు ఎత్నాను చేతులు కళ్ళకు అద్దుకున్నారు. ఆమోసు చెప్పినట్టే జరిగింది, దేవుడు అతనితో నిజంగానే మాట్లాడాడు అని వాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకుంటుంటే వాళ్ళ మొహాల్లో ఒక వెలుగు కనిపించేది. నిజమైందన్న వెలుగు. నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఇక్కేషు ఒకరోజు ఒంటరిగా వచ్చాడు. నెలరోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. నా వైపు చూడలేదు. ఎత్నాను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, గవిని దగ్గర పీట వేసుకుని కూర్చునే మనిషి.

“నేను నవ్వాను. ఒప్పుకుంటున్నాను,” అన్నాడు. “ఇప్పుడు ఒక్కటి చెప్పు చాలు. మళ్ళీ వస్తుందా? దాని గురించి ఏమన్నా చెప్పాడా ఆయన?”

ఎత్నాను తల ఎత్తకుండానే అన్నాడు.

“నాకేం గుర్తు లేదు, పెద్దాయనా.”

“నీకు గుర్తు లేకపోవడమేమిటి? రెండేళ్ళు మా చెవులు తూట్లు పొడిచావు.”

“గుర్తు లేదు.”

ఇక్కేషు లేచి వెళ్ళిపోయాడు. నాకు తెలుసు అది అబద్ధమని. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అతను.

ఒలీవలు దులిపే రోజులు వచ్చాయి. వానలు ఇంకా మొదలవలేదు. ఒక మధ్యాహ్నం యెరూషలేమునుంచి ఒక లేఖకుడు గాడిద మీద వచ్చాడు. పేరు శెమర్యా. నడివయసు మనిషి, వేళ్ళకు సిరామరకలు, ఒక కాలు కట్టుకట్టి ఉంది. వాళ్ళ వీధి కూడా కూలిందట. అక్కడి పెద్దలు కొందరు తెకోవ గొర్రెలకాపరి మాటలు ఎలాగైనా రాయించి తెమ్మని పంపారని చెప్పాడు. ఆ మాటలు ఇప్పుడు ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయని అతనికి ముందే తెలుసు.

ఎత్నాను ఇక్కేషుకు చెప్పినదే అతనికీ చెప్పాడు. శెమర్యా వాదించలేదు. కాలు నొప్పిగా ఉంది, రెండు రోజులు ఉండి వెళ్తానన్నాడు. మేం పెట్టింది తిన్నాడు. మా అత్త జల్లెడ సంగతి అతనికీ చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ అతను తలవంచుకుని విన్నాడు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి చెబితే మళ్ళీ విన్నాడు.

రెండో రోజు సాయంత్రం ఎత్నాను కూలిన ఇంటి దగ్గర రాళ్ళు వేరుచేస్తుంటే నేను వెళ్ళాను. పనికొచ్చే రాళ్ళు ఒకపక్క, ముక్కలు ఒకపక్క. నేనూ వంగి తీయడం మొదలుపెట్టాను. కొంతసేపయ్యాక అడిగాను, ఎందుకు చెప్పవు అని.

“రోజూ చెప్పాను నయరా,” అన్నాడు. “భూమి వణుకుతుందని రోజూ నా నోటితోనే అన్నాను. ఆ పొద్దున చెట్టు మీద కూడా. సరిగ్గా ఎక్కడిదాకా వచ్చానో నాకు గుర్తుంది. రోజుకోసారి పిలిచినట్టు పిలిచాను. వచ్చింది. ఇక నా నోట రానివ్వను.”

నేను చేతిలో రాయి కింద పెట్టాను. అప్పటిదాకా ఒక మాట అతనికి చెప్పకుండా దాచాను. పందొమ్మిది మందిని గుహలో పెట్టిన రోజునుంచీ.

“దాన్ని పైకి పంపింది నేను,” అన్నాను. “తోపులో ఉంటే బతికేది. నీ మాటలు వినకూడదని పంపాను.”

అతను నా వైపు తిరగలేదు. ఒక రాయి తీసి మట్టి దులిపాడు. మంచి రాళ్ళ వైపు పెట్టాడు.

“నేను వద్దనలేదుగా,” అన్నాడు.

అంతే. చీకటి పడేదాకా ఇద్దరం రాళ్ళు తీశాం. వెళ్ళేటప్పుడు అతను నా చేతిలో మట్టితట్ట తీసుకుని తన భుజాన పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే శెమర్యా గాడిదకు జీను కడుతుంటే నేను అతని దగ్గరికి వెళ్ళాను.

“అయ్యా, నాకు వచ్చు,” అన్నాను.

“ఏం వచ్చు తల్లీ?”

“ఆ మాటలు. మొదటినుంచి చివరిదాకా. ఆయన చెప్పుకుంటుంటే రెండేళ్ళు విన్నాను. నాకు ఇష్టమై నేర్చుకున్నవి కావు. అయినా ఉన్నాయి.”

అతను నన్ను కాసేపు చూశాడు. నవ్వుతాడేమో, ఆడదాని నోటినుంచి ఎలా రాయను అంటాడేమో అనుకున్నాను. జీను విప్పాడు.

ఎందుకు చెప్పాలనిపించింది అని తర్వాత చాలామంది అడిగారు. ఒకటే కారణం. అవి పోతే ఎత్నాను గొంతు పోతుంది. ఆ వేసవి ముందు మా ముగ్గురి మధ్యా ఉన్నదంతా ఆ మాటల్లోనే ఇరుక్కుని ఉంది. హొగ్లా బతికుండగా మా ఇంట్లో రోజూ వినిపించినవి అవే కదా. నేను వాటిని ఎంత తిట్టినా వాటి వెనకాల దాని గెంతులు వినిపించేవి.

గుడారం నీడలో కూర్చున్నాం. శెమర్యా తోలుచుట్ట మోకాళ్ళ మీద పరిచి, పైన కొంత చోటు ఖాళీగా వదిలి, కింద మొదలుపెట్టాడు. చెప్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఒకదాని వెనక ఒకటి, దారాన్ని లాగినట్టు వచ్చేశాయి. ముందు పరాయి పట్టణాలు, దమస్కు గురించి, గాజా గురించి, తూరు గురించి. అవి అయ్యాక మా వాళ్ళ గురించి. అతను చెయ్యెత్తినప్పుడు ఆగేదాన్ని. దించగానే మళ్ళీ చెప్పేదాన్ని. ఎత్నాను కొంచెం దూరంలో మేకలకు నీళ్ళు పోస్తున్నాడు. వింటున్నాడో లేదో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక ఆ ఏడుపు పాట దగ్గరికి వచ్చాను. పడిపోయిన ఆడపిల్ల పాట. నోరు తెరిచాను. రాలేదు. మర్చిపోయి కాదు. శెమర్యా కలం పట్టుకుని ఎదురుచూశాడు. నేను నీళ్ళు తాగాను. మళ్ళీ నోరు తెరిచాను. మేడిచెట్టు నీడలో కళ్ళు మూసుకుని పెదవులు కదిపిన పిల్ల తప్ప నాకేం కనిపించలేదు.

వెనకనుంచి ఎత్నాను గొంతు వచ్చింది. గుడారం తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పాట మొత్తం అతనే చెప్పాడు, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా, శెమర్యా చెయ్యి అందుకునేలా. చెప్పి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మిగతాది నేనే చెప్పాను. ఒక్కచోట ఆపాడు. పేదవాణ్ణి చెప్పుల జతకు అమ్ముతున్నారు అని నేనన్నాను.

“ఇక్కడ అమ్మడం కాదు, కొనడం,” అన్నాడు. “అమ్మడం మొదట్లో అయిపోయింది. ఇక్కడ కొంటారు.”

“ఏదైతే ఏం?”

“అమ్మేవాళ్ళు వేరు, కొనేవాళ్ళు వేరు. ఆయన ఇద్దర్నీ అన్నాడు.”

శెమర్యా కత్తితో గీకి దిద్దాడు.

చివరి భాగం మర్నాటికి మిగిలింది. తోటలు వేసి పళ్ళు తింటారని, పడిపోయినదాన్ని మళ్ళీ నిలబెడతానని దేవుడు చెప్పే మాటలు. ఆమోసు తొమ్మిదో రోజున చెప్పినవి అవి. జ్వరంలో చెప్పాడో తెలివిలో చెప్పాడో నాకెప్పుడూ తేలలేదు. ఎత్నాను మాత్రం తెలివిలోనే అనేవాడు. అవి చెప్పేటప్పుడు మా అత్త కూడా వచ్చి కూర్చుని వింది. విని, ఎవర్ని నిలబెడతాడట అని అడిగింది.

అంతా అయ్యాక శెమర్యా చుట్టను మొదటికి తిప్పాడు. పైన వదిలిన ఖాళీ చోట వేలు పెట్టి, ఇక్కడ ఎవరి మాటలో ఎప్పటివో రాయాలి అన్నాడు. తెకోవ గొర్రెలకాపరుల్లో ఒకడైన ఆమోసు అని రాసి చదివాడు. యూదాలో ఉజ్జియా, ఇశ్రాయేలులో యరొబాము రాజులుగా ఉన్న రోజుల్లో అని రాసి చదివాడు. ఇద్దరు రాజులూ చాలా ఏళ్ళుగా ఉన్నారు, ఆ రోజులంటే ఎప్పుడో ఎవరికి తెలుస్తుంది అని తనే అన్నాడు. బేతేలుకు వెళ్ళింది ఏ ఏడో మీకు గుర్తుందా అని అడిగాడు.

మా ఊళ్ళో ఏళ్ళు లెక్కపెట్టేవాళ్ళు లేరు. నేను ఎత్నానును చూశాను.

“అప్పుడు మా పిల్లకి ఐదేళ్ళు,” అన్నాడు ఎత్నాను. “బయలుదేరేటప్పుడు నా చెప్పులు దాచేసింది, వెళ్ళొద్దని. వెతుక్కుని బయలుదేరేసరికి ఎండెక్కింది. ఐదేళ్ళే. బాగా గుర్తుంది.”

శెమర్యా కలం పక్కన పెట్టాడు. అతని మొహంలో జాలి కనిపించింది.

“అది రాయలేనయ్యా,” అన్నాడు. “చదివేవాళ్ళకు మీ పిల్ల ఎవరో తెలియదు కదా.”

ఎత్నాను తలూపాడు. తనకూ తెలుసన్నట్టు తలూపాడు. లేచి వెళ్ళబోయాడు.

“అయ్యా,” అన్నాను నేను, “భూమి కదలడానికి రెండేళ్ళ ముందు అని రాయండి. అది అందరికీ తెలుసు.”

శెమర్యా ఆలోచించాడు. రాజుల పేర్ల పక్కన అలాంటిది రాయడం ఎక్కడా చూడలేదన్నాడు. చెప్పిన మాట నిజమైందని కూడా దానితో తెలుస్తుంది, పెద్దలు ఒప్పుకుంటారు అని తనలో తాను అనుకున్నాడు. నేను దానికోసం చెప్పలేదు. హొగ్లా పోయిన రోజు అందులో ఉంటుందని చెప్పాను. అది అతనికి చెప్పలేదు కూడా. అతను కలం ముంచి రాశాడు. నాలుగైదు గీతలే పట్టాయి.

“ఎక్కడుందో చూపించండి,” అన్నాడు ఎత్నాను.

శెమర్యా సిరా తగలకుండా వేలితో చూపించాడు. ఎత్నాను వంగి చూశాడు. మాకిద్దరికీ అది చీమలు పోయిన దారిలా తప్ప ఇంకేమీ కాదు. అయినా చాలాసేపు చూశాడు. తర్వాత, ఒకసారి చదవండి అన్నాడు.

శెమర్యా చదివాడు.

“మళ్ళీ చదవండి,” అన్నాడు ఎత్నాను.

అతను మళ్ళీ చదివాడు.